చావుల లెక్క వారం వారం తెలియాలంటే మన దగ్గర ఏం కావాలి?

గోదారిగట్టు (చర్చ మొదలుపెట్టినవారు) | సోమవారం, రాత్రి 9:10

మా పిన్ని కొడుకు డెన్మార్క్‌లో ఉంటాడు. మొన్న ఫోన్లో మాట్లాడుతూ యూరోమోమో అనే సైటు చూపించాడు. యూరప్‌లో ఇరవైకి పైగా దేశాల్లో గత వారం ఎంతమంది పోయారు, మామూలుగా అయితే ఎంతమంది పోవాలి, తేడా ఎంత అన్నది గురువారం మధ్యాహ్నానికల్లా పెట్టేస్తారట. ఏ జబ్బుతో పోయారన్నది ఉండదు. ఉత్త తలల లెక్క. 2008 నుంచి నడుస్తోందట, కోపెన్‌హాగన్‌లోని స్టేటెన్స్ సీరం ఇన్‌స్టిట్యూట్ నడిపిస్తోందట.

చూస్తుంటే నాకు 2021 మే గుర్తొచ్చింది. మా వీధిలో మూడు వారాల్లో నలుగురు పోయారు. ఒక్కరి కాగితం మీదా కోవిడ్ అని లేదు. "గుండె ఆగింది" అని ఒకరికి, మిగతా వాళ్లకి అదీ లేదు.

నా ప్రశ్న ఒక్కటే. మన మునిసిపాలిటీల్లో, సచివాలయాల్లో రిజిస్టర్లు ఉన్నాయి కదా. వారం వారం ఇలా లెక్క కట్టడానికి మనకేం అడ్డం?


లీడ్స్_లక్ష్మి | సోమవారం, రాత్రి 11:48

నా పని ఇదే కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

అదనపు మరణాలు అంటే చాలా మోటు లెక్క. ఈ వారం పోయినవాళ్లు, మైనస్ ఈ వారం పోతారని అనుకున్నవాళ్లు. మొదటిది లెక్కపెడతాం, రెండోది అంచనా వేస్తాం. గొడవలన్నీ ఆ రెండోదాని దగ్గరే.

ఉదాహరణకి ఇంగ్లండ్, వేల్స్‌లో 2020 ఏప్రిల్ 17తో ముగిసిన వారంలో 22,351 మరణాలు నమోదయ్యాయి. అంతకుముందు ఐదేళ్లలో అదే వారం సగటు 10,500 దగ్గర. అంటే ఒక్క వారంలో దాదాపు 11,850 మంది ఎక్కువ. వాళ్లలో చాలామందికి టెస్టే చెయ్యలేదు. వృద్ధాశ్రమాల్లో పోయినవాళ్లు మొదట్లో ఆస్పత్రి లెక్కల్లోకి రానేలేదు. కానీ మొత్తం లెక్కలోంచి ఎవరూ తప్పించుకోలేదు. కారణం అడగకపోవడమే దీని బలం.

యూరోమోమో వాళ్లు ఉత్త సగటు తీసుకోరు. చలికాలంలో ఫ్లూ, ఎండాకాలంలో వడగాలి ఉంటాయి కాబట్టి ఆ వారాలు వదిలేసి, ఏడాదిలో 16 నుంచి 25 వరకు, 37 నుంచి 44 వరకు వారాలు మాత్రమే తీసుకుని బేస్‌లైన్ గీస్తారు. ఏ ఉపద్రవమూ లేకపోతే ఎంతమంది పోతారు అన్నమాట. ఆ గీత నుంచి ఎంత పైకి పోయిందో జెడ్ స్కోర్‌లో చెప్తారు, అంటే మామూలుగా ఊగేదానికి అది ఎన్ని రెట్లో అని. 2 లోపు మామూలే. 4 దాటితే కూర్చుని చూడాలి.

ఒక పిడకల వేట: లండన్‌లో 17వ శతాబ్దంలో కూడా వారం వారం చావుల పట్టీ అచ్చేసి అమ్మేవాళ్లు. అదీ గురువారమే! 1665 ప్లేగులో సెప్టెంబర్ 12-19 వారం పట్టీలో 8,297 మంది పోయినట్టుంది, అందులో ప్లేగు అని రాసినవి 7,165. ప్లేగు అని తేలితే ఇంటికి తాళం వేసి మనుషుల్ని లోపలే ఉంచేవాళ్లు, అందుకని శవాన్ని చూసి కారణం చెప్పే ముసలమ్మల చేతిలో నాలుగు డబ్బులు పెట్టి వేరే జబ్బు రాయించుకునేవాళ్లు. 1662లోనే జాన్ గ్రాంట్ అనే బట్టల వ్యాపారి పాత పట్టీలు ముందేసుకుని 1625 ప్లేగు ఏడాది సంగతి తేల్చాడు. మిగతా జబ్బుల చావులు కూడా ఆ ఏడాది ఉన్నట్టుండి పెరిగాయి, కాబట్టి ప్లేగు చావులు రాసినదానికంటే నాలుగో వంతు ఎక్కువే ఉంటాయన్నాడు. నాకు తెలిసి అదనపు మరణాల లెక్కకి మూలపురుషుడు ఆయనే.


మంజీరా | మంగళవారం, ఉదయం 7:20

ఆ ముసలమ్మల కథ చదివి నవ్వొచ్చింది, తర్వాత నవ్వు రాలేదు. మన దగ్గర ముసలమ్మలు కూడా అక్కర్లేకపోయింది కదా.


సోషల్_మెడిసిన్_పీజీ | మంగళవారం, ఉదయం 8:05

గోదారిగట్టు గారూ, మీరు చెప్పిన 2021 మే లెక్క తర్వాత బయటికి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పౌర నమోదు (జనన మరణాల రిజిస్టర్) డేటా జర్నలిస్టుల చేతికి వచ్చాక చూస్తే, ఆ ఒక్క నెలలో దాదాపు 1,30,000 మరణాలు నమోదై ఉన్నాయి. 2018, 2019 మే నెలల్లో 27,000 చుట్టూ ఉండేవి. అంటే దాదాపు ఐదింతలు. అదే నెలకి రాష్ట్రం చూపించిన కోవిడ్ మరణాలు 3 వేల లోపు.

నష్టపరిహారం కథ కూడా ఇదే చెప్తుంది. సుప్రీంకోర్టు జోక్యంతో 50 వేల రూపాయలు ఇస్తామన్నాక తెలంగాణలో వచ్చిన దరఖాస్తులు అధికారిక కోవిడ్ మరణాలకి ఏడింతలు. అధికారిక సంఖ్య 4 వేలకి కాస్త తక్కువ.

అయితే దేశం మొత్తానికి అంకెలు ఎప్పుడు వచ్చాయో చూడండి. నమోదైన మరణాలు 2019లో 76.4 లక్షలు, 2020లో 81.2 లక్షలు, 2021లో 1.02 కోట్లు. ఈ 2021 రిపోర్టు విడుదలైంది 2025 మేలో. నాలుగేళ్లు! మనం వారం గురించి మాట్లాడుకుంటున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో భారత్‌లో రెండేళ్లకి 47 లక్షల అదనపు మరణాలని అంచనా వేస్తే మన ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆ 47 లక్షలు సరైనదా కాదా అని ఇక్కడ కొట్టుకోవద్దు దయచేసి, చాలా చోట్ల చాలాసార్లు అయింది. చేతిలో సొంత లెక్క సమయానికి ఉండి ఉంటే అసలు ఆ వాదనకి చోటే ఉండేది కాదు. నా బాధ అది.


లీడ్స్_లక్ష్మి | మంగళవారం, ఉదయం 11:30

డాక్టర్ గారి అంకెలకి చిన్న తోక. 2019 నుంచి 2021కి పెరిగినదంతా అదనపు మరణాలు అనలేం. నమోదు చేయించే అలవాటు కూడా ఏటా పెరుగుతోంది. నిన్నటిదాకా రిజిస్టర్‌లోకి రాని చావు ఇవాళ వస్తే, చావులు పెరిగినట్టు కనిపిస్తుంది. రివర్స్ కూడా జరుగుతుంది. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్‌కి ఆఫీసులు మూసేస్తే నమోదు పడిపోయింది. జనం చావడం మానేశారనా?


పాత_రిజిస్ట్రార్ | మంగళవారం, సాయంత్రం 5:40

అమ్మా లక్ష్మీ, బాబూ డాక్టరూ, మీ మాటలు బాగున్నాయి. ఇరవై ఆరేళ్లు ఒక మునిసిపాలిటీలో జనన మరణాల సెక్షన్‌లో కూర్చుని రిటైరైనవాణ్ణి. బల్లకి ఇవతలి వైపు నుంచి నాలుగు ముక్కలు చెప్తాను.

చట్టం ప్రకారం 21 రోజుల్లో చెప్పాలి. 21 దాటితే 30 దాకా ఆలస్య రుసుము. ఆ తర్వాత ఏడాది దాకా పై అధికారి అనుమతి, నా రోజుల్లో అయితే అఫిడవిట్ (2023 సవరణ తర్వాత స్వయంగా సంతకం చేసిన పత్రం చాలు). ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఆర్డర్ తెచ్చుకోవాలి. ఇది కాగితం మీద మాట.

అసలు మనిషి ఎప్పుడు వస్తాడు? దినాలు అయ్యాక వస్తాడు. ఇంట్లో మైల, కర్మ చేసేవాడు బయటికి కదలడు. పదకొండో రోజు, పన్నెండో రోజు అయి, చుట్టాలు వెళ్లాక, అప్పుడు ఎవరో అంటారు, "బ్యాంకులో సర్టిఫికెట్ అడుగుతారు రా" అని. శ్మశానం రసీదు జేబులో మడతలు పడి, చెమటకి అక్షరాలు చెరిగిపోయి వచ్చేవి. కాబట్టి ఈ వారం చావులు మా దగ్గరికి రెండు మూడు వారాలకి చేరేవి. ఆస్పత్రి చావులు మాత్రం ఆస్పత్రివాళ్లే పంపుతారు, అవి ముందొచ్చేవి.

ఇక ఎవరు వస్తారన్నది రెండో సంగతి. పొలం ఉన్నవాడు పోతే వస్తారు, పింఛను ఉన్నవాడు పోతే వస్తారు, ఎల్ఐసీ ఉంటే మరునాడే వస్తారు. ఆస్తి లేని ముసలావిడ పోతే ఎవరూ రారు. పురిటి బిడ్డ పోతే అసలే రారు. నేను ఆ సీట్లో ఉన్నంతకాలం ఆ రిజిస్టర్లో మగవాళ్ల పేర్లే ఎక్కువ. మా ఊళ్లో ఆడవాళ్లు చావరా అని మా హెల్త్ ఆఫీసర్ ఒకసారి నన్నడిగాడు.


మంజీరా | మంగళవారం, సాయంత్రం 6:15

సార్ చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మా తెలంగాణలో 2018లో రైతు బీమా వచ్చాక ఈ తేడా కళ్లకు కట్టింది. 18 నుంచి 59 ఏళ్ల మధ్య పట్టాదారు పోతే కుటుంబానికి 5 లక్షలు, అదీ పది రోజుల్లోపు. ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) ఇంటికొచ్చి మరీ కాగితాలు తీసుకుంటాడు. ఆ వయసు రైతు చావు ఇప్పుడు చకచకా నమోదవుతుంది. అదే ఇంట్లో అరవై రెండేళ్ల నాయనమ్మ పోతే?

అంటే ఒక పథకం రాగానే మొత్తం లెక్క వాలు మారిపోతుంది. అక్కా, మీ బేస్‌లైన్ దీన్ని ఎట్లా పట్టుకుంటది?


లీడ్స్_లక్ష్మి | మంగళవారం, రాత్రి 10:22

పట్టుకోదు తమ్ముడూ. మనమే చెప్పాలి. ఫలానా నెల నుంచి నమోదు పద్ధతి మారింది అని గ్రాఫ్ మీద నిలువు గీత గీసి, ఆ పైన కొత్త బేస్‌లైన్ వేసుకోవాలి. లేదా వయసుల వారీగా విడదీసి చూడాలి.

బాబాయ్ గారు చెప్పిన "దినాలు అయ్యాక వస్తాడు" అన్న మాట నాకు చాలా ఉపయోగపడుతుంది, చెప్పలేనంత. ఇంగ్లండ్‌లో ఐదు రోజుల్లో నమోదు చెయ్యాలని చట్టం. అయినా ఈస్టర్, క్రిస్మస్ వారాల్లో ఆఫీసులు మూస్తే గ్రాఫ్ గుంటలో పడి, పై వారం గుట్ట ఎక్కుతుంది. ఎందుకంటే వాళ్లు అచ్చేసేది నమోదైన తేదీని బట్టి. సంక్రాంతి వారంలో మన గ్రాఫ్ కూడా అలాగే పడుతుంది చూడండి. దాన్ని చూసి భోగి మంటలకి రోగాలు పోయాయనుకుంటే అంతే సంగతులు.

యూరోమోమో చనిపోయిన తేదీని పట్టుకుని, ఇంకా రానివి ఎన్ని ఉంటాయో అంచనా వేసి కలుపుతుంది. అందుకు కావాల్సింది పాత అనుభవం. ఒక వారంలో పోయినవాళ్లలో మొదటి వారానికి ఎంతమంది నమోదయ్యారు, రెండో వారానికి ఎంత, మూడో వారానికి ఎంత. ఈ వాటాలు ఏటా ఒకేలా ఉంటే చాలు, ఆలస్యం ఉన్నా ఫర్వాలేదు. ఆలస్యం శత్రువు కాదు, ఒక్కోసారి ఒక్కోలా ఆలస్యం కావడం శత్రువు.


సూటిగా_అడుగుతా | మంగళవారం, రాత్రి 11:05

ఇవన్నీ సరే. టీకాలు వేసిన తర్వాత ఇంగ్లండ్‌లో 2022, 23లో అదనపు మరణాలు ఎందుకు ఆగలేదు? దీని గురించి మాట్లాడరేం? వాట్సాప్‌లో గ్రాఫులు తిరుగుతున్నాయి, అవీ ప్రభుత్వ లెక్కలే కదా.


లీడ్స్_లక్ష్మి | బుధవారం, ఉదయం 1:12

మాట్లాడతాను. 2023కి యునైటెడ్ కింగ్‌డమ్‌లో పాత పద్ధతి ప్రకారం అదనపు మరణాలు 31,442. 2024 ఫిబ్రవరిలో వాళ్ల గణాంక కార్యాలయం పద్ధతి మార్చాక అదే ఏడాదికి 10,994. మనుషులు బతికి రాలేదు, బేస్‌లైన్ మారింది అంతే.

పాత పద్ధతిలో "మామూలు" అంటే గత ఐదేళ్ల సగటు. కానీ జనాభా పెరుగుతోంది, ముసలివాళ్లు పెరుగుతున్నారు. ఐదేళ్ల క్రితం 75 ఏళ్లున్న వాళ్లకి ఇప్పుడు 80. ఏ రోగమూ రాకపోయినా ఈ ఏడాది చావులు ఆ సగటు కంటే ఎక్కువే ఉంటాయి. కొత్త పద్ధతి వయసునీ జనాభానీ లెక్కలోకి తీసుకుంటుంది.

పదకొండు వేలు సున్నా కాదు, అది ఒప్పుకుంటాను. అయితే అవి దేనివల్ల అన్నది ఈ లెక్క చెప్పదు. మీరన్న టీకా అయినా, ఆస్పత్రిలో వెయిటింగ్ అయినా, ఫ్లూ అయినా అది తేల్చడానికి వేరే డేటా కావాలి, ఎవరికి టీకా పడింది, ఎవరు దేనితో పోయారు అన్నది. కారణం అడగకపోవడమే దీని బలం అన్నాను కదా, బలహీనత కూడా అదే. ఆ గ్రాఫ్ పంపినవాళ్లని బేస్‌లైన్ ఏంటని అడగండి. నాకు తెలిసి సగం మంది జవాబు ఇవ్వరు.


సూటిగా_అడుగుతా | బుధవారం, ఉదయం 7:50

సరే, అడిగి చూస్తా. నమ్మానని కాదు.


గోదారిగట్టు | బుధవారం, మధ్యాహ్నం 1:30

లెక్క తగ్గడం కూడా చూపిస్తుందా ఇది? అంటే మైనస్‌లోకి పోవడం?


సోషల్_మెడిసిన్_పీజీ | బుధవారం, మధ్యాహ్నం 2:15

పోతుంది. 2020లో న్యూజిలాండ్ పోయింది. మన కేరళలో కూడా 2020లో నమోదైన మరణాలు 2019 కంటే తగ్గాయి. రోడ్ల మీద బళ్లు లేవు, మాస్కులతో మిగతా అంటురోగాలు కూడా తగ్గాయి.

నాకు అన్నిటికంటే నచ్చిన ఉదాహరణ దక్షిణాఫ్రికా. అక్కడి వైద్య పరిశోధనా మండలి, కేప్‌టౌన్ విశ్వవిద్యాలయం కలిసి జాతీయ జనాభా రిజిస్టర్ ఆధారంగా వారం వారం రిపోర్టు ఇచ్చేవి. సహజ మరణాలు ఒక గీత, ప్రమాదాలు, హత్యల లాంటివి ఇంకో గీత. లాక్‌డౌన్‌లో మద్యం అమ్మకం ఆపినప్పుడు రెండో గీత దబ్బున పడింది, అమ్మకం మొదలుపెట్టగానే లేచింది. ఏ జబ్బు అని అడగకుండానే రెండు గీతలతో ఎంత కథ చెప్పారో!

మనకి అలా విడదీయడం కూడా కష్టమే. 2020లో నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతం. అందుకే మనలాంటి చోట కారణం లేని లెక్కే ముందు మొదలుకావాలి అంటాను.


మంజీరా | బుధవారం, సాయంత్రం 4:40

ఎండల సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? 2015 మే గుర్తుందా? ఆంధ్రలో 1,300 పైగా, తెలంగాణలో 500 పైగా వడదెబ్బ చావులని అధికారికంగా చెప్పారు. అందులో ఎవరు లెక్కకి వచ్చారు? తహసీల్దారు, ఎస్సై, డాక్టర్ కలిసి వడదెబ్బే అని తేలిస్తే వచ్చారు. మా పెద్దనాయన మధ్యాహ్నం వరి కోత కాడి నుంచి ఇంటికొచ్చి మంచం మీద పడుకుని లేవలేదు. గుండెపోటు అన్నారు. డెబ్బై దాటినోడు కదా, ఎవరూ ఇంకో మాట అడగలేదు.


లీడ్స్_లక్ష్మి | బుధవారం, రాత్రి 9:35

మీ పెద్దనాయన గారి లాంటి వాళ్లను పట్టుకోవడానికే అదనపు మరణాల లెక్క పుట్టింది. ఎండ చంపేది ఎక్కువగా వడదెబ్బతో కాదు, ముందే నీరసంగా ఉన్న గుండెనీ కిడ్నీనీ పట్టుకుని. 2003 ఆగస్టులో ఫ్రాన్స్‌లో రెండు వారాలు ఎండ కాస్తే దాదాపు 15,000 మంది అదనంగా పోయారు. వీధుల్లో పడిపోయింది తక్కువ, ఇళ్లల్లో ఒంటరిగా పోయిందే ఎక్కువ. ఆ తర్వాతే అక్కడ చావుల లెక్క వెంటవెంటనే చూసే ఏర్పాటు గట్టిగా మొదలైంది.

మన దేశంలో కూడా ఒక ఊరు చేసి చూపించింది. అహ్మదాబాద్‌లో 2010 మే 21న 46.8 డిగ్రీలు. తర్వాత కార్పొరేషన్ రిజిస్టర్లు తీసి లెక్కేస్తే ఆ నెలలో 4,462 మంది పోయారు, పక్క ఏళ్ల లెక్కతో పోలిస్తే 1,344 ఎక్కువ. ఆ అంకె బల్ల మీద పెట్టాకే 2013లో ఎండల ప్రణాళిక వచ్చింది. వాళ్లకి కొత్త యంత్రాలేమీ లేవు. బాబాయ్ గారి దగ్గరున్నలాంటి రిజిస్టరే.


పాత_రిజిస్ట్రార్ | గురువారం, ఉదయం 6:30

ఇవాళ గురువారం. లండన్ పట్టీ రోజు.

రాత్రంతా ఇదే ఆలోచించాను. అమ్మా, ఒక మాట అడుగుతాను. మా మండలం లాంటి చిన్నచోట ఇది పనికొస్తుందా? వారానికి పట్టుమని పది చావులుండవు.


లీడ్స్_లక్ష్మి | గురువారం, మధ్యాహ్నం 12:10

మండలానికి పనికిరాదు బాబాయ్ గారూ, నిజం చెప్పాలి. మండలంలో 60 వేల జనం అనుకోండి, ఏడాదికి వెయ్యికి 7 మంది పోతారనుకోండి. ఏడాదికి 420, వారానికి 8. ఇంత చిన్న అంకె తనంతట తాను ఊగుతుంది, వర్గమూలం అంత. 8కి వర్గమూలం 3 లోపు. అటూ ఇటూ దానికి రెండింతల దాకా మామూలే, అంటే ఒక వారం 3, ఇంకో వారం 13 వచ్చినా కంగారు పడక్కర్లేదు. అదే 20 లక్షల జనం ఉన్న జిల్లాకి వారానికి 270, ఊగేది 16కి కాస్త పైన. దానికి రెండింతలు పైకి పోయి 303 దాటితే ఏదో ఉందని అర్థం. అంటే పన్నెండు శాతం పెరిగినా జిల్లా గ్రాఫ్ పట్టుకుంటుంది. మండలంలో దాదాపు రెట్టింపైతే గానీ తెలీదు.

కాబట్టి మండలాల లెక్క జిల్లాలో కలవాలి. కలపాలంటే అందరి వారం ఒకటే కావాలి. నవ్వకండి, ఒకరు ఆదివారం నుంచి, ఒకరు సోమవారం నుంచి మొదలుపెడితే మొత్తం చెడుతుంది. అంతర్జాతీయ పద్ధతిలో వారం సోమవారంతో మొదలవుతుంది, అప్పుడప్పుడూ ఏడాదికి 53 వారాలు కూడా వస్తాయి, 2020కి వచ్చినట్టు. సగం మంది ఎక్సెల్ అక్కడే బోర్లా పడుతుంది.


సచివాలయం_చిన్నోడు | గురువారం, రాత్రి 8:45

అన్నా, అక్కా, నమస్తే. ఇన్నాళ్లూ చదవడమే, ఇదే మొదటిసారి రాయడం. నేను పంచాయతీలో ఈ నమోదు పనే చేస్తాను. ఇప్పుడంతా ఆన్‌లైన్. చనిపోయిన తేదీ, నమోదైన తేదీ రెండూ సిస్టంలో ఉంటాయి. డేటా లేక కాదు ఆగింది. మాకు అడిగేది "పెండింగ్ ఎన్ని, ఎప్పటికి క్లియర్ చేస్తారు" అనే. ఈ వారం చావులు ఎందుకు పెరిగాయని ఇప్పటిదాకా నన్ను పైనుంచి ఒక్కరూ అడగలేదు. అడిగితే అరగంట పని.

ఇంకో టెన్షన్ కూడా ఉంది. పెరిగిందని మనమే చెప్తే, నీ ఊళ్లోనే ఎందుకు పెరిగింది, సంజాయిషీ ఇవ్వమంటారేమో.


సోషల్_మెడిసిన్_పీజీ | గురువారం, రాత్రి 9:20

తమ్ముడూ, ఆ చివరి వాక్యం మా ప్రొఫెసర్‌కి చూపిస్తాను, ఏమీ అనుకోవుగా. పేరు లేదులే.


పాత_రిజిస్ట్రార్ | శుక్రవారం, ఉదయం 10:15

అటక మీంచి నా పాత డైరీలు దింపాను. ఆఫీసు రిజిస్టర్ ఆఫీసులోనే ఉంటుంది, కానీ నేను ఏ రోజు ఎన్ని రాశానో, అందులో ఎన్ని ఏ రోజు పోయినవో నా డైరీలో గీతలు పెట్టుకునేవాణ్ణి. పేర్లు లేవు, అంకెలే. 2011 నుంచి 2015 దాకా ఐదేళ్లవి ఉన్నాయి. మా ఆవిడ, "ఇప్పుడెవరు అడిగారని ఈ దుమ్మంతా" అంటోంది. మనవడు ఎక్సెల్ కొడతానన్నాడు.

అమ్మా లక్ష్మీ, వాడు అడుగుతున్నాడు. మొదటి గడిలో పోయిన తేదీ వెయ్యమంటావా, రాసిన తేదీ వెయ్యమంటావా?


లీడ్స్_లక్ష్మి | శుక్రవారం, ఉదయం 11:02

రెండూ వెయ్యమనండి బాబాయ్ గారూ. ముందు పోయిన తేదీ. 2015 మే మాత్రం మొదట కొట్టమనండి, మంజీరా తమ్ముడు ఎదురుచూస్తుంటాడు.